సాక్ష్యం చెప్పడానికి లేవనివాళ్ల గురించి

సంపాదకులు గారికి నమస్కారం,

మా బరంపురంలో మీ పేపరు ఇంటికి చేరేసరికి పొద్దెక్కుతుంది. అప్పటికి టీవీలో వార్తలన్నీ అయిపోయి ఉంటాయి కాబట్టి నేను మొదటి పేజీ వదిలేసి ముందు పాఠకుల ఉత్తరాలే చదువుతాను. పోయిన వారం ఒకాయన ప్రార్థన గురించి రాశారు. కష్టం రాగానే మోకరించడమంటే చేతులు ముడుచుకుని కూర్చోవడమేనట, ప్రార్థన చేస్తే తుఫాను ఆగిందా కరోనా పోయిందా అని అడిగారు, ఆసుపత్రికి తీసుకెళ్లాల్సినవాళ్లను కూడా క్రైస్తవులు ప్రార్థన కూడికలకు తిప్పుతున్నారని కూడా అన్నారు. చదివాక నాకు కోపం రాలేదండీ. అందులో సగం నిజమే ఉంది, ఆ సగాన్ని మా చర్చిల్లో మేము పైకి అనుకోం. మిగతా సగం ఆయనకు తెలియదు. రెండూ నేను చూశాను కాబట్టి రాస్తున్నాను, కొంచెం పొడుగవుతుంది.

నేను 29 ఏళ్లు స్టాఫ్ నర్సుగా చేసి రిటైరయ్యాను. పుట్టింది, పెరిగింది, పెళ్లయి ఉన్నదీ ఈ గంజాం జిల్లాలోనే. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, వార్డులో రెండూ కలిపి మాట్లాడతాం. మాది మూడు తరాల క్రైస్తవ కుటుంబం, ఆదివారం తెలుగు ఆరాధనకి వెళ్తాం.

ముందు తుఫాను సంగతి చెప్తాను, ఆయన దాని గురించే ఎక్కువ రాశారు కాబట్టి. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. గోపాల్‌పూర్ అంటే మాకు పదిహేను కిలోమీటర్లు, సాయంత్రం సరదాగా బండి మీద వెళ్లొచ్చే దూరం. ఆ రాత్రి గాలి గంటకి 200 కిలోమీటర్లు దాటింది. అంతకుముందు 1999లో మా మీద ఒక తుఫాను వచ్చింది, అక్టోబరు 17, 18 తేదీల్లో. రెండు వారాలు తిరక్కుండానే పారాదీప్ వైపు మహాతుఫాను వచ్చి దాదాపు 10 వేల మంది పోయేసరికి మాకు వచ్చినదాన్ని బయటివాళ్లు మరిచిపోయారు గానీ మేము మరిచిపోలేదు. కాబట్టి 2013లో మైకు పెట్టుకుని జీపులు తిరుగుతుంటే జనం మాట విన్నారు. ఒడిశాలో దాదాపు 10 లక్షల మందిని ముందే తరలించారు. చనిపోయినవాళ్లు పదుల్లో ఉన్నారు, 1999లాగా వేలల్లో కాదు. అంత పెద్ద తుఫానుకి అది మామూలు విషయం కాదు.

ఆ రోజు మా వీధి చివర పెంకుటింట్లో ఉండే మామ్మ రానంటే రానంది. "నేను ప్రార్థన చేసుకున్నాను, ప్రభువు చూసుకుంటాడు, మీరు వెళ్లండి" అంది. మీకు ఉత్తరం రాసినాయన అక్కడుంటే ఇదిగో చూశారా అనేవారే. మా ఆయన వాదించలేదు, గుమ్మంలో కూర్చుని కాసేపు మాట్లాడితే అసలు సంగతి బయటపడింది. మామ్మకి రెండు మేకలున్నాయి, అందరం తలదాచుకోవడానికి వెళ్తున్న స్కూల్లోకి వాటిని రానివ్వరని ఎవరో చెప్పారట. మేకలతో సహా తీసుకెళ్తానని మా ఆయన మాటిచ్చాక ఆవిడ చీరలు రెండు మూటగట్టుకుని బయల్దేరింది. నా అనుభవంలో మొండి విశ్వాసం అనిపించేవాటిలో సగానికి సగం వెనకాల ఇలాంటి మేకలే ఉంటాయి. మనం అడగం, ఆవిడకి మూఢనమ్మకం అనేసి వెళ్లిపోతాం.

స్కూల్లో ఆ రాత్రి ఎవరూ చేతులు ముడుచుకుని కూర్చోలేదు. కిటికీ రెక్కలు ఊడిపోతుంటే బెంచీలు అడ్డం పెట్టి మగవాళ్లు వంతులవారీగా వీపు ఆనించి నిలబడ్డారు. మేము పాడాం. పర్లాకిమిడి ప్రాంతంలో 1803లో పుట్టిన పురుషోత్తమ చౌదరి గారు రాసిన పాత కీర్తనలు మా వాళ్లకి పుస్తకం లేకుండా వచ్చు, కానీ ఆ గాలి హోరులో ఒకళ్ల గొంతు ఇంకొకళ్లకి వినపడక ఎవరి చరణం వాళ్లు పాడేస్తున్నారు. ఆ రోజు దుర్గాష్టమి. పక్క గదిలో వాళ్లు అమ్మవారిని పిలుస్తున్నారు, మేము యేసయ్యను పిలుస్తున్నాం, మధ్యలో మామ్మ మేకలు అరుస్తున్నాయి. ఎవరికీ ఎవరిమీదా విసుగు రాలేదు. తెల్లారాక చూస్తే మామ్మ ఇంటికి పెంకు అన్నది లేదు.

తుఫాను ఆగలేదండీ, నిజమే. ఆగాలని అడిగినవాళ్లు మాలో ఉన్నారు, నేనూ అడిగాను. కానీ బైబిల్లో అపొస్తలుల కార్యాల్లో 27వ అధ్యాయం ఒకసారి చదవమని ఆయనకి నా మనవి. పౌలు ఖైదీగా ఓడలో వెళ్తుంటే తుఫాను పట్టుకుంటుంది, ఓడలో 276 మంది ఉంటారు, పద్నాలుగు రోజులు సరైన తిండి ఉండదు. అక్కడ పౌలు గాలిని గద్దించడు. ఓడవాళ్లు పడవ దించుకుని జారుకోబోతుంటే పట్టించేస్తాడు, అందరినీ కూర్చోబెట్టి ముందు తినండి, తింటేనే బతుకుతారు అంటాడు, రొట్టె పట్టుకుని దేవునికి కృతజ్ఞత చెప్పి వాళ్ల ముందే తాను మొదలుపెడతాడు. ఓడ ముక్కలైపోతుంది, మనుషులు చెక్కలు పట్టుకుని ఒడ్డుకి చేరతారు. కష్టకాలంలో ప్రార్థన అంటే నాకు ముందు గుర్తొచ్చేది అదే, కళ్లు మూసుకోవడం, ఆ తర్వాత అన్నం వడ్డించడం. మా స్కూల్లో ఆ రాత్రి జరిగింది కూడా దాదాపు అదే, కాకపోతే రొట్టె బదులు అటుకులు, బెల్లం.

ఇక కరోనా. మా జిల్లా కుర్రాళ్లు ఎంతమంది సూరత్‌లో మరమగ్గాల మీద ఉంటారో మీకు తెలిసే ఉంటుంది, మా వీధిలోనే ఇంటికొకడు చొప్పున ఉన్నారు. 2020 మార్చిలో అన్నీ మూసేశాక వాళ్లు అక్కడ ఇరుక్కుపోయారు, రైళ్లు లేవు, గదికి పదిమంది. గుడ్ ఫ్రైడే ఏప్రిల్ 10, ఈస్టర్ 12, చర్చికి తాళం. నా జీవితంలో ఈస్టర్ నాడు చర్చికి వెళ్లకపోవడం అదే మొదలు. మా వీధి తల్లులు నలుగురైదుగురు రోజూ రాత్రి ఎనిమిదికి ఫోన్లు కలుపుకుని ప్రార్థన చేసేవారు, పిల్లలు కూడా అటునుంచి కలిసేవారు. ఒకరోజు ఆ గదిలోని ఒడియా కుర్రాడు, క్రైస్తవుడు కాదు, "మౌసీ (పిన్నీ), నా పేరు కూడా చెప్పండి" అన్నాడు. ఆ ప్రార్థనలో ఏముందని అడిగితే నేను చెప్పగలిగేది ఒక్కటే, ఆ అరగంటలో ప్రతి తల్లికీ తన కొడుకు తిన్నాడో లేదో తెలిసేది. తిండి అయిపోయిందని ఒకరోజు ఒకడి నోట జారితే పొద్దున్నే అందరూ కలిసి డబ్బు వేయించారు. దీన్ని సోమరితనం అనాలంటే నాకు నోరు రావడం లేదు.

ఇప్పుడు ఆయన చెప్పిన సగం నిజం దగ్గరికి వస్తాను. ఇది మా ఇంటి సంగతి.

మా అక్కని ఆంధ్రాలో శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ఇచ్చాం, ఇచ్ఛాపురం దాటాక కవిటి వైపు ఒక ఊరు. ఉద్దానం కిడ్నీ జబ్బు గురించి మీ పేపర్లో మీరే ఎన్నోసార్లు రాశారు. ఇన్నేళ్లలో ఎంతమంది డాక్టర్లు వచ్చి నీళ్లు, మట్టి, రక్తం పట్టుకెళ్లినా ఇదీ కారణం అని ఒక్కమాట తేలలేదు. పలాసలో కిడ్నీ ఆసుపత్రి 2023 డిసెంబరులో తెరిచారు, అది మా బావగారికి అందలేదు. ఆయనకి 2019లో క్రియాటినిన్, అంటే కిడ్నీలు పనిచేయకపోతే రక్తంలో పేరుకునే వ్యర్థం, పెరిగిందని తెలిసింది, ఆ ఏడాది చివరికే డయాలసిస్ మీదికి వచ్చేశారు. వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు. బరంపురం దగ్గర కాబట్టి, నేను నర్సుని కాబట్టి మా ఇంటికే వచ్చేవారు. లాక్‌డౌన్ ప్రకటించిన రాత్రి అక్కా బావగారూ మా ఇంట్లోనే ఉన్నారు, మర్నాడు డయాలసిస్ ఉందని. తర్వాత రాష్ట్రం సరిహద్దు మూసేశారు, ముప్పావుగంట దారిలో ఉన్న సొంతూరికి వాళ్లు నెలల తరబడి వెళ్లలేకపోయారు.

బావగారికి కొబ్బరితోట ఉంది. పుట్టినప్పటినుంచి కొబ్బరిబొండాం తాగి పెరిగిన మనిషి. డయాలసిస్ పేషెంట్లకి కొబ్బరినీళ్లు పనికిరావు, అందులో పొటాషియం ఎక్కువ, ఒంట్లోంచి అది బయటికి పోక గుండెకే ముప్పు. నీళ్లు కూడా కొలత ప్రకారం తాగాలి. ఎండాకాలంలో ఆయన ఐస్ ముక్క నోట్లో పెట్టుకుని కూర్చుని, "చూశావా మరదలా, కొబ్బరి చెట్ల కింద పుట్టి దాహంతో పోతాను" అనేవారు నవ్వుతూ. ఆయన ప్రార్థన చాలా చిన్నది. మంచం మీద పడుకునే ముందు "ప్రభువా, ఈ రోజుకి చాలు, రేపటిది రేపు అడుగుతాను" అనేవారు. పరలోక ప్రార్థనలో అనుదినాహారం అని ఉన్నది అందుకే కదా అనేవారు, నెలకి సరిపడా అడగమని చెప్పలేదుగా అని.

అలాంటి మనిషి దగ్గరికి ఒక ప్రసంగీకుడు వచ్చాడు. ఊరూ పేరూ రాయను, మా సంఘం మనిషి కాదు, కూడికలకి వచ్చి పోతుండేవాడు. నూనె రాసి, తల మీద చెయ్యి పెట్టి గంటసేపు ప్రార్థన చేశాడు, అంతవరకు బాగానే ఉంది, యాకోబు పత్రికలో రోగికి నూనె రాసి ప్రార్థించమనే ఉంది, నాకేమీ అభ్యంతరం లేదు. లేచేటప్పుడు "నమ్మినవాడికి మిషనుతో పనేంటయ్యా, విశ్వాసం ఉంటే ఆపి చూడు" అన్నాడు. నేను ఆ టైంకి ఇంట్లో లేను. బావగారు రెండు డయాలసిస్‌లు ఎగ్గొట్టారు. నాకు అబద్ధం చెప్పారు, ఆటో దొరకలేదని, మిషను ఖాళీ లేదని. నాలుగో రాత్రి పడుకుంటే ఊపిరి అందడం లేదు, కూర్చోబెడితే కొంచెం నయం, కాళ్లు మొద్దుల్లా వాచిపోయాయి. ఊపిరితిత్తుల్లోకి నీరు దిగిందని నాకు చూడగానే అర్థమైంది. తెల్లవారుజామున ఎమర్జెన్సీగా మిషను మీద పెట్టించాం, ఆ గండం గడిచింది. ఆ ప్రసంగీకుడికి నేను ఫోన్ చేశాను. నేను ఏమన్నానో పేపర్లో వేయదగ్గ మాటలు కావు. ఆయన మాత్రం చాలా నెమ్మదిగా "అమ్మా, సందేహించారు కాబట్టే అలా జరిగింది" అన్నాడు.

చూశారా, ఈ మాటకి ఓటమి లేదు. బాగైతే నా ప్రార్థన, బాగవకపోతే నీ సందేహం. నర్సుగా నేను ఇంజెక్షన్ తప్పు ఇస్తే నా ఉద్యోగం పోయేది, ఈయనకి ఏమీ పోలేదు, ఇప్పటికీ బ్యానర్ల మీద ఫొటో కనిపిస్తుంటుంది.

కాబట్టి మా పాస్టర్లందరికీ, ముఖ్యంగా బయటినుంచి వచ్చి పోయేవాళ్లకి, ఒక నర్సుగా చెప్తున్నాను. టీబీ మందులు, సుగరు మందులు, మూర్ఛ మందులు, డయాలసిస్, ఇవి ఆపమని చెప్పే హక్కు మీకు లేదు. ఉపవాస ప్రార్థనలు పెట్టినప్పుడు ఇన్సులిన్ తీసుకునేవాళ్లని ముందే పక్కకి పిలిచి అడగండి. పొద్దున సూది వేసుకుని ఏమీ తినకుండా కూర్చుంటే మధ్యాహ్నానికి సుగరు పడిపోతుంది, చెమటలు పట్టి తూలిపోతుంటే ఆత్మ దిగిందనుకుని పాట పెంచినవాళ్లని నేను కళ్లారా చూశాను. మా చర్చిలో ఉపవాస కూడికకి నేను గ్లూకోజ్ ప్యాకెట్ పట్టుకుని తలుపు దగ్గర కూర్చుంటాను, మొదట్లో నవ్వేవారు, ఇప్పుడు అలవాటైపోయింది.

నేనూ ప్రార్థన చేసేదాన్నే, డ్యూటీలో ఉన్నంతకాలం రోజూ. పెద్ద ప్రార్థనలేం కావు. నెలల పిల్లకి సెలైన్ పెట్టాల్సి వస్తే "ప్రభువా, ఒక్కసారికే నరం దొరకాలి" అనేదాన్ని లోపల, తల్లి పక్కనే నిలబడి ఏడుస్తుంటుంది కదా. దొరికిన రోజులున్నాయి, నాలుగుసార్లు పొడిచిన రోజులూ ఉన్నాయి. ఇన్నేళ్లలో నేను చూసినంతవరకు ప్రార్థన చేయించుకున్నవాళ్లందరూ బతకలేదు, చేయించుకోనివాళ్లందరూ పోలేదు. ఈ మాట అంటే మా వాళ్లలో కొందరికి కష్టంగా ఉంటుంది. కానీ ఆపరేషన్ థియేటర్ బయట రాత్రంతా నిలబడ్డవాళ్లకి చేతులతో చేయడానికి ఏ పనీ ఉండదు, మందు ఇవ్వలేరు, కత్తి పట్టలేరు, డాక్టరు మొహంలోకి చూడటం తప్ప. ఆ టైంలో పేరు పెట్టి పిలవడానికి ఒకరు ఉండటం ఎలాంటిదో అక్కడ నిలబడితే గానీ తెలియదు. మీకు ఉత్తరం రాసినాయన ఎప్పుడూ అక్కడ నిలబడకూడదనే కోరుకుంటాను.

బావగారు 2022 జనవరిలో పోయారు. నిద్రలోనే, గుండె ఆగి. అక్క పక్కనే ఉంది.

తర్వాత జరిగిందే నేను ముఖ్యంగా రాయాలనుకున్నది. మా చర్చిలో ఆదివారం సాక్ష్యాల సమయం ఉంటుంది. ఒక్కొక్కరు లేచి దేవుడు చేసిన మేలు చెప్తారు. ఆపరేషన్ సక్సెస్ అయినవాళ్లు, ఉద్యోగం వచ్చినవాళ్లు, సూరత్ నుంచి పిల్లలు క్షేమంగా ఇల్లు చేరినవాళ్లు. వినడానికి సంతోషంగానే ఉంటుంది, నేనూ చప్పట్లు కొడతాను. కానీ అక్క పక్కన కూర్చున్నాక నాకు మొదటిసారి తట్టింది, పోయినవాళ్ల మనుషులు ఎవరూ లేవరు. వాళ్లూ మూడేళ్లు మోకరించారు, వాళ్లూ ఉపవాసం ఉన్నారు, అదే నూనె రాయించుకున్నారు. చెప్పడానికి వాళ్ల దగ్గర ఏమీ లేదని అందరం అనేసుకున్నాం. వాళ్లు తల దించుకుని కూర్చుంటే ఓదార్పుగా ఎవరో ఒకరు "విశ్వాసంలో చల్లారిపోకమ్మా" అని చెవిలో చెప్పి వెళ్తారు.

అక్క దాదాపు ఏడాది నోరు తెరిచి ప్రార్థన చేయలేదు. స్త్రీల కూడికలో తన వంతు వస్తే తల అడ్డంగా ఊపేది. రాత్రి మంచం మీద కూర్చుని "ప్రభువా" అనేది, ఆ తర్వాత మాట రాదు, అలాగే కూర్చుని పడుకునేది. మాటలు రానప్పుడు ఆత్మే మూలుగులతో మన కోసం అడుగుతుందని రోమా పత్రికలో ఉందిలే అక్కా అని నేను అంటే, "ఉంటే ఉండనీ, నువ్వు పడుకో" అంది. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆ రోజుల్లో తను ఒక్క 88వ కీర్తనే చదివేది, ఇంకేమీ చదివేది కాదు. మా చర్చిలో 23, 91, 121 కీర్తనలు నోటికి రానివాళ్లుండరు, 88 మాత్రం ఎవరూ కంఠతా పట్టరు. దానికి మంచి ముగింపు లేదు. చివరి మాట కూడా చీకటి గురించే. అయినా అది బైబిల్లో ఉంది, ఎవరూ కత్తిరించలేదు. సిలువకి ముందు రాత్రి గెత్సేమనే తోటలో యేసుప్రభువే ఈ బాధల గిన్నె తప్పించమని అడిగితే ఆ గిన్నె తప్పలేదు. మరి మా సాక్ష్యాల్లో దానికి చోటెందుకు లేదు?

ఈ మాట పాస్టరు గారిని అడిగాను. మంచి మనిషి, వయసులో నాకంటే చిన్నవాడు. "అమ్మగారూ, అలాంటివి చెప్తే కొత్తగా వచ్చేవాళ్లు నిరుత్సాహపడతారేమో" అన్నారు. కొత్తవాళ్లలో సగంమంది ఇంట్లో ఎవరో ఒకరు పోతేనే మన దగ్గరికి వచ్చారు కదండీ అన్నాను. ఏమీ అనలేదు, ఆలోచిస్తానన్నారు.

రెండు నెలల కింద ఒక ఆదివారం సాక్ష్యాలు అయ్యాక "ఇంకెవరైనా ఉన్నారా, ప్రార్థనకి జవాబు రానివాళ్లు కూడా చెప్పొచ్చు" అన్నారు. చాలాసేపు ఎవరూ కదల్లేదు. అక్క లేచింది. కొంగు సరిచేసుకుని, "మా ఆయన కోసం మూడేళ్లు అడిగాను, పోయారు. ఇప్పుడు మళ్లీ అడుగుతున్నాను, ఏం అడగాలో తెలియడం లేదు గానీ అడుగుతున్నాను" అని కూర్చుంది. ఎవరూ హల్లెలూయా అనలేదు, చప్పట్లు లేవు. వెనక వరుసలోంచి మామ్మ, అదే మేకల మామ్మ, కర్ర పొడుచుకుంటూ ముందుకొచ్చి అక్క పక్కన ఇరుక్కుని కూర్చుంది. తర్వాతి పాట నంబరు చెప్పడానికి పాస్టరు గారికి కాసేపు పట్టింది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ స్టాఫ్ నర్సు,
బరంపురం, గంజాం జిల్లా, ఒడిశా.

తాజా కలం: ఉత్తరం పొడుగైందని తగ్గించాల్సి వస్తే తుఫాను సంగతి తీసేయండి, ఇన్సులిన్ ముక్క మాత్రం తీయకండి. వచ్చే నెలలో ఇక్కడ ఇరవై ఒక్క రోజుల ఉపవాస కూడికలు మొదలవుతున్నాయి.